లాంగ్‌టర్మ్ కేర్‌లో నర్సులకు, ఆయాలకు ఇన్-సర్వీస్ ట్రైనింగ్: ఏం నేర్పాలి, ఎలా నేర్పాలి, మెటీరియల్ ఎక్కడ దొరుకుతుంది?

#1 – నైట్‌డ్యూటీ_ఇన్‌చార్జి

60 పడకల సెంటర్. మంచం మీదే ఉండేవాళ్లు 22 మంది, రైల్స్ ట్యూబ్‌లు (ముక్కులోంచి కడుపులోకి ఫీడ్ వేసేవి) 9, యూరిన్ కాథెటర్లు (మూత్రం బయటికి తీసే గొట్టాలు) 11. జీఎన్ఎంలు (డిప్లొమా నర్సులు) 8 మంది, ఆయాలు, వార్డ్ బాయ్‌లు కలిపి 24. వీళ్లలో సగం మంది ఏజెన్సీ తరఫున వస్తారు, కుదురుగా ఉండరు. ఏడాదికి ట్రైనింగ్ ప్లాన్ రాయాలి. దొరికే పీపీటీలన్నీ ఇంగ్లిష్‌లో ఉన్నాయి, అవీ ఐసీయూ కోసం చేసినవి. తెలుగు చదవగలిగే ఆయాకి ఏది పనికొస్తుంది? ముందు ఏ టాపిక్ పట్టుకోవాలి? నర్సుల సీఎన్ఈ (నిరంతర నర్సింగ్ విద్య) గంటలకు ఇది లెక్కవుతుందా? ఈ మూడూ చెప్పండి.

#2 – స్కిల్‌ల్యాబ్_గుంటూరు

మేడమ్, టాపిక్‌ల లిస్టు తర్వాత. మీ సెంటర్‌లో గత మూడు నెలల ఇన్సిడెంట్ రిజిస్టర్ తీయండి. కొత్తగా వచ్చిన బెడ్‌సోర్లు, పడిపోవడాలు, ట్యూబ్ ఊడిపోవడాలు, హాస్పిటల్‌కి పంపాల్సి వచ్చిన కేసులు లెక్కపెట్టండి. ఏది ఎక్కువ ఉంటే అదే మొదటి టాపిక్. రిజిస్టర్‌లో ఏమీ లేకపోతే రాయడం లేదని అర్థం, అప్పుడు మొదటి టాపిక్ రాయడమే.

పద్ధతి విషయానికొస్తే, హాల్లో 24 మందిని కూర్చోబెట్టి రెండు గంటలు క్లాసు చెప్తే నిద్రపోతారు. 20 నిమిషాలు, ఆరుగురు, ఒకే ఒక పని, అదీ మంచం పక్కనే. డ్యూటీ మారే సమయానికి ముందు 20 నిమిషాలు పెడితే వచ్చేవాళ్లు, వెళ్లేవాళ్లు ఇద్దరూ దొరుకుతారు. అదే క్లాసు రాత్రి షిఫ్ట్‌కి విడిగా పెట్టాల్సిందే. రాత్రి మంచం మీదున్నవాళ్లని తిప్పేది వాళ్లే, ట్రైనింగ్‌లో ఎప్పుడూ మిస్సయ్యేదీ వాళ్లే.

20 నిమిషాల పంపకం: 3 నిమిషాలు ఎందుకో చెప్పడం, 5 నిమిషాలు చేసి చూపించడం, మిగతా 12 నిమిషాలు వాళ్ల చేత చేయించడం. ప్రతి ఒక్కరూ ఒకసారి చేయాలి. "అర్థమైందా?" అని అడగొద్దు, అందరూ అయిందంటారు. "రేపు కొత్తగా వచ్చిన అమ్మాయికి నువ్వెలా చెప్తావో చెప్పు" అనండి. తప్పు ఎక్కడుందో అప్పుడు బయటపడుతుంది. రెండు వారాల తర్వాత డ్యూటీలో ఉండగా, ముందు చెప్పకుండా, అదే చెక్‌లిస్టుతో మళ్లీ చూడండి. ఆ రెండో టిక్ పడితేనే ట్రైనింగ్ అయినట్టు.

చేతులు కడగడం నేర్పడానికి ఖరీదైన యూవీ జెల్ కిట్ కొనక్కర్లేదు. గ్లౌజ్ తొడిగించి, చేతిలో పిల్లల వాటర్ కలర్ ఒక చెంచా పోసి, కళ్లు మూసుకుని సబ్బు రుద్దినట్టు రుద్దమనండి. బొటనవేలు, వేళ్ల చివర్లు, వేళ్ల సందులు తెల్లగానే మిగిలిపోతాయి. అది చూశాక ఇక పోస్టర్ అవసరం ఉండదు. శానిటైజర్ (రబ్) అయితే 20–30 సెకన్లు, సబ్బు నీళ్లయితే 40–60 సెకన్లు.

#3 – కోనసీమ_సిస్టర్

పసుపు, నూనె కలిపి ఇదే చేస్తారు కదా, ఇంకా చవక.

#4 – స్కిల్‌ల్యాబ్_గుంటూరు

పసుపు వద్దు సిస్టర్. సబ్బు తగలగానే ఎర్రగా మారి, బాగా కడిగినా మరక ఉండిపోతుంది. సరిగ్గా కడిగినవాళ్లు కూడా ఫెయిల్ అయినట్టు కనిపిస్తారు.

#5 – చికాగో_ఆర్ఎన్

ఇక్కడి నర్సింగ్ హోమ్‌లలో ఎలా ఉంటుందో చెప్తాను, మీకు పనికొచ్చేది తీసుకోండి. అమెరికా ఫెడరల్ రూల్స్ ప్రకారం నర్స్ ఎయిడ్‌గా చేరాలంటే కనీసం 75 గంటల ట్రైనింగ్ కావాలి, అందులో 16 గంటలు చేతులతో చేసే పని. చేరాక ఏటా కనీసం 12 గంటల ఇన్-సర్వీస్. డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉన్నవాళ్లతో ఎలా మెలగాలి, దుర్వినియోగం, కొట్టడం లాంటివి ఎలా ఆపాలి అన్నవి అందులో తప్పనిసరి. మిగతావి ఆ ఎయిడ్ పనిలో కనిపించిన లోపాలను బట్టి పెట్టాలి.

ఉచితంగా దొరికే రెండు మంచివి: అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా సంస్థ సీఎంఎస్ వాళ్ల 'హ్యాండ్ ఇన్ హ్యాండ్' డిమెన్షియా సిరీస్, అక్కడి ఆరోగ్య పరిశోధన సంస్థ ఏహెచ్ఆర్‌క్యూ వాళ్లు లాంగ్‌టర్మ్ కేర్ కోసం పెట్టిన పేషెంట్ సేఫ్టీ మాడ్యూల్స్. రెండో దాంట్లో మూడే విషయాలు: మనిషిలో మార్పు కనిపెట్టడం, దాన్ని నర్సుకి చెప్పడం, పడిపోకుండా చూడటం. వీడియోలు ఇంగ్లిషే, కానీ వాటి ఇన్‌స్ట్రక్టర్ గైడ్ చదివి తెలుగులో చెప్పుకోవచ్చు.

ఇంకొకటి 'స్టాప్ అండ్ వాచ్' కార్డు. ఇంగ్లిష్‌లో ఆ పేరులోని 12 అక్షరాలకు 12 మార్పులు. ఆయా ఏదైనా మార్పు చూస్తే దానికి సున్నా చుట్టి నర్సుకిస్తుంది.

#6 – కోనసీమ_సిస్టర్

ఆ కార్డుని ఉన్నదున్నట్టు తెలుగు చేస్తే అక్షరాల లెక్క పోతుంది, గుర్తుండదు. 'తగ్గిందా, పెరిగిందా, మారిందా' అని మూడు గుంపులు చేస్తే నోటికొస్తుంది.

తగ్గిందా: మాట, తిండి, నీళ్లు, బరువు.
పెరిగిందా: మత్తు, చిరాకు, నొప్పి, లేపడానికి పట్టే సాయం.
మారిందా: నడక, ఒంటి రంగు, విరేచనం (మూడు రోజులుగా లేకపోతే చెప్పాలి), చివరగా "మనిషే ఎప్పటిలా లేరు".

ఆ చివరిది చాలా ముఖ్యం. పెద్దవాళ్లకు ఇన్ఫెక్షన్ వచ్చినా జ్వరం రాకపోవచ్చు, యూరిన్ ఆగిపోయినా నొప్పి అని చెప్పలేకపోవచ్చు. నిన్న పేరు పెట్టి పిలిచిన పెద్దాయన ఇవాళ గోడ వైపు తిరిగి పడుకున్నాడంటే అది 'కుదురుగా ఉన్నాడు' కాదు, డెలీరియం (జబ్బు వల్ల హఠాత్తుగా వచ్చే మానసిక గందరగోళం) కావచ్చు. నర్సులకు 4ఏటీ (డెలీరియం కనిపెట్టే చిన్న పరీక్ష) నేర్పండి, స్కోరు 4 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే డాక్టర్‌కి ఫోన్. ఆయాకి కార్డు చాలు. కార్డు ఇచ్చిన ఆయాని "ఇదీ ఒక విషయమేనా" అని నర్సు ఒక్కసారి కసిరితే రెండో కార్డు ఇక రాదు, కాబట్టి ఈ క్లాసు నర్సులకే ముందు కావాలి.

#7 – గాయాలనర్స్

22 మంది మంచం మీదే ఉన్నారంటే మీ మొదటి టాపిక్ బెడ్‌సోర్లే, రిజిస్టర్ చూడకుండానే చెప్పొచ్చు. నర్సులకు బ్రాడెన్ స్కేలు (బెడ్‌సోర్ వచ్చే రిస్క్ కొలిచేది): ఆరు అంశాలు, స్కోరు 6 నుంచి 23, 18 లేదా అంతకంటే తక్కువైతే రిస్క్. చేరిన రోజు ఒకసారి, ఆ తర్వాత పరిస్థితి మారినప్పుడల్లా. ఆయాలకు స్కేలు వద్దు, చేతులకు నేర్పండి.

ఒకటి, తిప్పడం. పూర్తిగా పక్కకి 90 డిగ్రీలు తిప్పితే తుంటి ఎముక మీద బరువంతా పడుతుంది. 30 డిగ్రీలు చాలు. భుజం నుంచి తుంటి దాకా వీపు వెనక దిండు దూర్చి, నడుము కింద ఎముక పరుపుకి తగలకుండా చూడాలి. తగలడం లేదని ఎలా తెలుస్తుంది? అరచెయ్యి పరుపుకి ఆనించి ఆ ఎముక కిందికి తోయాలి, చెయ్యి దూరితే సరిగ్గా ఉన్నట్టు. ఈ ఒక్క పరీక్ష నేర్పితే సగం పని అయిపోతుంది. మడమలు గాల్లో ఉండాలి: దిండు పిక్కల కింద పొడుగ్గా పెట్టాలి, మడమ కింద కాదు.

రెండు, లాగకపోవడం. మంచం తల వైపు ఎత్తి ఉంచితే మనిషి కిందికి జారతాడు, అప్పుడు చంకల్లో చేతులు వేసి పైకి లాగుతారు. చర్మం పరుపుకి అంటుకుని ఉంటుంది, లోపలి ఎముక కదులుతుంది, మధ్యలో రక్తనాళాలు మెలి పడతాయి. పైకి గాయం కనిపించకపోయినా లోపల మొదలైపోతుంది. ఇద్దరు నిలబడి, అడ్డ దుప్పటి రెండు పక్కలా చుట్టి పట్టుకుని, ఎత్తి జరపాలి. తిండి పెట్టే సమయం తప్పితే తల వైపు 30 డిగ్రీలు దాటనివ్వొద్దు. ట్యూబ్ ఫీడ్ ఉన్నవాళ్ల సంగతి వేరు, వాళ్లకి ఫీడ్ టైమ్‌లో, ఆ తర్వాత కాసేపూ ఎత్తు తప్పదు. అందుకే వాళ్ల నడుము కింద ఎముకను ఎక్కువసార్లు చూడాలి.

మూడు, ఎర్రదనం. వేలితో 3 సెకన్లు నొక్కి వదలాలి. తెల్లబడి మళ్లీ ఎర్రబడితే ఫరవాలేదు, తెల్లబడకుండా అలాగే ఉంటే మొదటి స్టేజ్. పుస్తకాల్లో ఇంతే రాస్తారు. మన చామనఛాయ, నలుపు చర్మాల మీద ఆ ఎరుపు కనిపించదు, నల్లగానో ఊదాగానో ఉంటుంది. చేతి వెనక భాగంతో తాకి పక్క చర్మంతో పోల్చాలి: వెచ్చగా ఉందా, గట్టిపడిందా, మెత్తగా గుల్లగా ఉందా, తాకితే మొహం చిట్లిస్తున్నారా. స్నానం చేయించేటప్పుడే ఇది అయిపోవాలి.

మాన్పించాల్సిన అలవాట్లు కూడా ఉన్నాయి. ఎర్రబడ్డ చోట నూనెతో మర్దన చేయొద్దు. ట్యూబ్ రింగు మీద కూర్చోబెట్టొద్దు, రింగు అంచు చుట్టూ ఒత్తుకుని మధ్యలోకి రక్తం పోదు. పుండులో స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్, డెటాల్ పోయొద్దు, నార్మల్ సెలైన్ చాలు. డయపర్ తడికి ఒరిసిన చర్మాన్ని బెడ్‌సోర్ అని రాయొద్దు. అది ఎముక మీద కాక మడతల్లో, పరుచుకున్నట్టు వస్తుంది, దానికి కావాల్సింది తడి లేకుండా చూడటం, జింక్ ఆక్సైడ్ పూత.

ఎయిర్ బెడ్ గురించి. కొనేశాం కదా, ఇక తిప్పక్కర్లేదు అనుకోవడం పెద్ద తప్పు. పంపు మీద బరువు నాబ్ మనిషి బరువుకి పెట్టాలి. అందరికీ ఫుల్ పెడితే గట్టి బల్లలా అవుతుంది. చెయ్యి పరుపు కింద, నడుము ఎముకకి సరిగ్గా కిందికి పెట్టి చూస్తే కనీసం అంగుళం గాలి మందం తగలాలి. తగలకపోతే మనిషి మంచం చెక్కకి ఆనుతున్నట్టే. పైన రెండు దుప్పట్లు, రెగ్జిన్ షీటు, దాని మీద అండర్‌ప్యాడ్ మడిచి వేస్తే పరుపు చేసే పనంతా పోతుంది. పల్చటి దుప్పటి ఒక్కటి, అదీ బిగించకుండా. పంపు ప్లగ్ ఇన్వర్టర్ లైన్‌కి ఉందో లేదో ఇవాళే చూడండి.

#8 – చికాగో_ఆర్ఎన్

ఒక చిన్న మాట. మంచం మీదున్నవాళ్లని రెండు గంటలకోసారి తిప్పాలి అన్నది రాయి మీద గీత కాదు. 2013లో వచ్చిన టర్న్ అధ్యయనంలో అమెరికా, కెనడా నర్సింగ్ హోమ్‌లలో 2, 3, 4 గంటల లెక్కన తిప్పి చూస్తే బెడ్‌సోర్లలో తేడా కనిపించలేదు. 2019 అంతర్జాతీయ గైడ్‌లైన్ కూడా మనిషిని బట్టి టైమ్ పెట్టమంటుంది. రాత్రిపూట నిద్ర కూడా వైద్యమే కదా.

#9 – గాయాలనర్స్

అధ్యయనం నిజమేనండి, కానీ అందులో అందరూ హై-డెన్సిటీ ఫోమ్ పరుపుల మీద ఉన్నారు. మన దగ్గర కొబ్బరి పీచు పరుపు, దాని మీద రెగ్జిన్. ఆ పరుపు మీద 4 గంటలు వదిలేస్తే ఉదయానికి నడుము నల్లబడుతుంది. పరుపు మార్చండి, అప్పుడు టైమ్ పెంచుదాం. అందాకా 2 గంటలే, కుర్చీలో ఉన్నవాళ్లకి గంట.

టర్నింగ్ చార్ట్ గురించి కూడా చెప్పాలి. పొద్దున్న 6 గంటలకి చూస్తే రాత్రంతా టిక్కులు ఒకే పెన్నుతో, ఒకే వాలుతో ఉంటాయి. టిక్ బదులు 'ఎడమ, కుడి, వెల్లకిలా' అని రాయించండి. మంచం తల దగ్గర గడియారం బొమ్మ పెట్టి ఏ టైమ్‌కి ఏ వైపో ముందే గీసి ఉంచండి: 10కి ఎడమ, 12కి వెల్లకిలా, 2కి కుడి. ఇన్‌చార్జి రెండింటికి ఒక రౌండు కొడితే చార్ట్ చూడక్కర్లేదు, మనిషి ఏ వైపు ఉన్నాడో చూస్తే చాలు.

#10 – మందుల_పెట్టె

ఫార్మసీ వైపు నుంచి మూడు విషయాలు. వీటిని ఆయాల క్లాసులో కలపొద్దు, ఇవి జీఎన్ఎంలకే.

ఇన్సులిన్. మన దగ్గర వయల్స్ ఎక్కువగా యూ-40, అంటే ఒక ఎంఎల్‌లో 40 యూనిట్లు. పెన్ కార్ట్రిడ్జ్‌లు యూ-100. యూ-40 సిరంజికి ఎర్ర మూత, యూ-100 సిరంజికి నారింజ మూత. పెన్ పాడైందని కార్ట్రిడ్జ్‌లోంచి ఎర్ర మూత సిరంజితో 12 గీత దాకా లాగితే 0.3 ఎంఎల్ వస్తుంది. అందులో ఉన్నది 12 యూనిట్లు కాదు, 30. అటుదిటు చేస్తే, యూ-40 వయల్‌ని నారింజ మూత సిరంజితో లాగితే, వెళ్లాల్సిన దాంట్లో సగం కూడా వెళ్లదు, షుగర్ దిగదు, డోసు పెంచుతూ పోతారు. క్లాసులో ఖాళీ సిరంజిలు రెండూ ఇచ్చి, రంగునీళ్లతో 20 యూనిట్లు లాగించి, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూపించండి. వయల్ మీద రాసిన అంకె, సిరంజి మీద రాసిన అంకె ఒకటేనా అని పైకి చదివాకే లాగాలి.

షుగర్ 70 కన్నా తగ్గితే, మెలకువగా ఉండి మింగగలిగితే, 15 గ్రాముల గ్లూకోజ్ (మూడు టీస్పూన్లు) నీళ్లలో, 15 నిమిషాలకి మళ్లీ చెక్. మత్తుగా ఉంటే నోట్లో ఏమీ పోయొద్దు. ఈ ఒక్క వాక్యం మాత్రం ఆయాలకూ చెప్పాలి, ఎందుకంటే పంచదార నోట్లో పోసేది వాళ్లే.

ట్యూబ్‌లో మందులు. పేరు చివర ఎస్ఆర్, ఎక్స్ఎల్, ఈఆర్, సీఆర్ ఉంటే నూరొద్దు, రోజంతా మెల్లగా దిగాల్సిన మందు ఒకేసారి దిగుతుంది. పాంటోప్రజోల్ (కడుపులో ఆమ్లం తగ్గించే మందు) మాత్ర నూరితే పై పూత పోయి కడుపులోనే పాడవుతుంది. డాక్టర్‌ని అడిగి వేరే రూపంలో రాయించుకోండి. మందులన్నీ కలిపి నూరి ఒకేసారి పోయడం ట్యూబ్ మూసుకుపోవడానికి ఒక ముఖ్య కారణం. ఒక్కో మందు విడిగా, మధ్యలో 15 ఎంఎల్ నీళ్లు, చివర్లో 30. ఫిట్స్ మందు ఫెనిటాయిన్‌కి ముందూ వెనకా ఫీడ్ ఆపాలి, లేకపోతే ఒంటికి పట్టదు, ఫిట్స్ వస్తాయి. ఎంతసేపన్నది డాక్టర్‌తో రాయించి చార్ట్‌లో పెట్టండి.

#11 – నైట్‌డ్యూటీ_ఇన్‌చార్జి

చాలా ఉపయోగం అండీ. ట్యూబ్ పొజిషన్‌కి మా వాళ్లు సిరంజితో గాలి కొట్టి స్టెతస్కోప్‌తో 'బుడుక్' వింటారు. అదే నేర్పనా?

#12 – కోనసీమ_సిస్టర్

నేర్పొద్దు. ట్యూబ్ ఊపిరితిత్తుల్లో ఉన్నా, ఆహారనాళంలో ఆగిపోయినా ఆ శబ్దం కడుపు మీద వినిపించగలదు. కొత్తగా వేస్తే ఎక్స్‌రే, లేదా లోపలి నుంచి తీసిన ద్రవం ఆమ్లాన్ని కొలిచే పీహెచ్ పేపర్ మీద 5.5 లేదా తక్కువ. పాంటోప్రజోల్ వాడేవాళ్లలో అంకె పైకి పోవచ్చు, అప్పుడు ఫీడ్ ఇవ్వకుండా గంట ఆగి మళ్లీ చూడండి. అప్పటికీ తేలకపోతే ఎక్స్‌రేనే. రోజూ ప్రతి ఫీడ్ ముందు: ముక్కు దగ్గర ట్యూబ్ మీద పెన్నుతో పెట్టిన గుర్తు జరిగిందా, నోట్లో ట్యూబ్ చుట్ట చుట్టుకుందా, దగ్గు లేదా ఆయాసం ఉందా.

ఫీడ్ ఇచ్చేటప్పుడు తల వైపు 30–45 డిగ్రీలు, అయ్యాక మరో గంట అలాగే. సిరంజి పిస్టన్‌తో తోయొద్దు, పిస్టన్ తీసేసి దానంతటది దిగనివ్వాలి. రాగిజావ ఇస్తే పల్చటి గుడ్డలో వడకట్టాకే. పొద్దున్న పల్చగా ఉన్న జావ చల్లారాక చిక్కబడుతుందని వంటగదికీ చెప్పండి.

#13 – మింగుడు_ఫిజియో

జావ మాట వచ్చింది కాబట్టి. నోటితో తినేవాళ్లలో పొలమారేవాళ్లకి 'కొంచెం చిక్కగా' అని రాస్తే ఒక్కో వంటమనిషి ఒక్కోలా చేస్తాడు. ద్రవాల చిక్కదనాన్ని లెవెల్స్‌గా కొలిచే అంతర్జాతీయ ఐడీడీఎస్ఐ పద్ధతి ఉచితం, కావాల్సింది 10 ఎంఎల్ సిరంజి. 0 నుంచి 10 గీత దాకా పొడవు 61.5 మిల్లీమీటర్లు ఉన్నదే తీసుకోండి, కొలత మారితే ఫలితం మారుతుంది. పిస్టన్ తీసి, కింద రంధ్రం వేలితో మూసి, 10 దాకా పోసి, వేలు తీసి 10 సెకన్లు. మళ్లీ మూసి మిగిలింది చూడాలి. 1 ఎంఎల్ కన్నా తక్కువ మిగిలితే లెవెల్ 0, నీళ్లలాంటిది. 1–4 అయితే లెవెల్ 1, 4–8 అయితే 2, 8 దాటి మిగిలినా బొట్లు పడుతుంటే 3. ఏమీ కారకపోతే సిరంజి పక్కన పెట్టి స్పూన్ వంచి చూడాలి. గంజి, మజ్జిగ, జావ మూడింటినీ వడ్డించే వేడిలోనే ఆయాల చేత కొలిపించండి, 15 నిమిషాల్లో అయిపోతుంది. వంటమనిషిని కూడా పిలవండి, అసలు క్లాసు ఆయనకే.

ఎవరికి ఏ లెవెల్ అన్నది స్పీచ్ థెరపిస్ట్ చూసి చెప్పాలి. మనం కొలిచేది కంచంలో ఉన్నది మాత్రమే.

#14 – స్కిల్‌ల్యాబ్_గుంటూరు

మెటీరియల్ ప్రశ్నకి. జాతీయ వృద్ధుల ఆరోగ్య సంరక్షణ కార్యక్రమం 2010–11లో మొదలైంది. ఆయుష్మాన్ భారత్ సెంటర్ల కోసం కేంద్ర ఆరోగ్య శాఖకు చెందిన ఎన్‌హెచ్‌ఎస్‌ఆర్‌సీ వృద్ధుల సంరక్షణ మీద, పాలియేటివ్ కేర్ (నయం కాని జబ్బుల్లో బాధ తగ్గించే సంరక్షణ) మీద చేయించిన శిక్షణ పుస్తకాలు ఆశా, ఏఎన్ఎం, స్టాఫ్ నర్స్ స్థాయిలకు వేర్వేరుగా ఉన్నాయి, సైట్‌లో ఉచితం. ఆశా స్థాయి పుస్తకంలోని బొమ్మలు మీ ఆయాలకు సరిగ్గా సరిపోతాయి. డిమెన్షియాకి డబ్ల్యూహెచ్ఓ 'ఐసపోర్ట్' మాన్యువల్. చివరి దశ, నొప్పి మీద నర్సులకు ఇండియన్ అసోసియేషన్ ఆఫ్ పాలియేటివ్ కేర్ సర్టిఫికెట్ కోర్సు ఉంది. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ ట్రైనింగ్ జరుగుతుంది, ఏడాదికి ఇద్దరినైనా పంపండి. ఆయాల్లో ఇష్టం ఉన్నవాళ్లకి హెల్త్‌కేర్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ వారి జనరల్ డ్యూటీ అసిస్టెంట్ సర్టిఫికెట్ చేయిస్తే వాళ్లకి జీతం బేరానికి పనికొస్తుంది, మీ దగ్గర నిలబడతారు కూడా.

సీఎన్ఈ: ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క 5 ఏళ్లకి 150 గంటలు. మీరు వార్డులో పెట్టుకునే 20 నిమిషాల క్లాసులు వాటంతటవి ఇందులోకి రావు. రాష్ట్ర కౌన్సిల్ క్రెడిట్ గంటలు ఇచ్చిన ప్రోగ్రామ్ అయి ఉండాలి. డబ్బు కట్టే ముందు బ్రోచర్‌లో కౌన్సిల్ అనుమతి నంబరు, ఎన్ని గంటలో చూసుకోమనండి.

#15 – చికాగో_ఆర్ఎన్

డిమెన్షియాలో నొప్పిని కొలిచే పెయిన్ఏడీ స్కేలు కూడా చేర్చండి. ఊపిరి, మూలుగు, మొహం, ఒళ్లు, ఓదారిస్తే ఊరుకుంటున్నారా అన్న ఐదు అంశాలు, ఒక్కోదానికి 0–2. డ్రెస్సింగ్ మార్చేటప్పుడు ఒకసారి, కదలకుండా ఉన్నప్పుడు ఒకసారి వేస్తే తేడా తెలుస్తుంది. కొట్టడానికొస్తున్నారని నిద్రమాత్ర అడిగే ముందు ఇది వేయాలి.

#16 – నైట్‌డ్యూటీ_ఇన్‌చార్జి

మొదటి మూడు నెలలకి ఇలా రాశాను. మొదటి నెల: 30 డిగ్రీలు తిప్పడం, ఎత్తి జరపడం, చర్మం చూడటం. రెండో నెల: ట్యూబ్ ఫీడ్, జావ కొలవడం, మూడు గుంపుల కార్డు. మూడో నెల: కాథెటర్, చేతులు, పడిపోకుండా చూడటం. ఇన్సులిన్, నూరకూడని మందులు జీఎన్ఎంలకి విడిగా మొదటి నెలలోనే. ప్రతి బుధవారం మధ్యాహ్నం 2 గంటలకి.

#17 – గాయాలనర్స్

కాథెటర్ మూడో నెల దాకా ఆగొద్దు మేడమ్, 11 మంది ఉన్నారు. బ్యాగ్ ఎప్పుడూ మూత్రాశయం కన్నా కిందే, నేలకి తగలకుండా, మూడింట రెండొంతులు నిండగానే ఖాళీ చేయడం, ఎవరి డబ్బా వాళ్లకి. ఇది పది నిమిషాల పని, మొదటి వారంలోనే చెప్పేయండి. తిప్పేటప్పుడు బ్యాగ్‌ని మనిషి పొట్ట మీద పెట్టి తిప్పే తప్పు చేస్తుంటారు కాబట్టి రెండూ కలిపే చూపించొచ్చు.

#18 – స్కిల్‌ల్యాబ్_గుంటూరు

బుధవారం 2 గంటలకి అంటే రాత్రి డ్యూటీ వాళ్లు ఇంట్లో నిద్రలో ఉంటారు. వాళ్ల స్లాట్ రాత్రి 7:40కి ఇంకోటి రాయండి.